బండికి నోరు లేదట!

ఆ రోజు మధ్యాహ్నం ఇంటి ముందు టైలరమ్మ ఒక చంకలో మనవరాలిని ఇరికించుకుని, రెండో చేత్తో కొత్త బండి నెత్తిమీద దబదబా బాదుతోంది. మనవరాలు బుడ్డిది చెమటతో తడిసి ముద్దయి, "అమ్మమ్మా, నీళ్ళు" అంటోంది. గుమ్మంలో ఆమె మొగుడు దారపు ఉండల సంచి పట్టుకుని కొయ్యబొమ్మలా నిలబడిపోయాడు. బతుకంతా అచ్చాఫీసు మిషన్ల దగ్గర గడిపినవాడు కాబట్టి అందరూ ఆయన్ని ప్రెస్సాయన అంటారు. వెనక సీట్లో పిల్ల నిద్రపోతోందన్న సంగతి మరిచి, సంచి మాత్రం భద్రంగా పట్టుకుని, బండికి తాళం వేసి లోపలికొచ్చేశాడు ఆ పెద్దమనిషి.

దేవుడు చల్లగా చూశాడు. బండి చెట్టు నీడన ఉంది, పిల్ల ఒంటరిగా ఉన్నది కాసేపే. మంచినీళ్ళు తాగి, మొహం కడిగించుకుని, ఏమీ జరగనట్టు తాత ఒళ్ళోనే కూర్చుని బిస్కట్టు తింది. పిల్ల అలా మరిచిపోయింది గానీ, పెద్దవాళ్ళ మధ్య రాజుకున్నది మాత్రం వారమంతా ఆరలేదు.

"లోపల పిల్ల ఉందని బండి అంతలా కీచుకీచుమని మొత్తుకుంటుంటే మీ చెవులెక్కడ తాకట్టు పెట్టారు?" అంటుంది ఆమె.

"ఏది మొత్తుకుంది? దానికి నోరుంటే కదా! కిక్కురుమనలేదు," అంటాడు ఆయన.

"నా కుట్టుమిషను చప్పుడులో నాకు వినబడింది. పక్కింటావిడ కిటికీ తెరిచి మరీ చూసింది. తలుపు వేసిన మనిషికి మాత్రం వినబడలేదు!"

"వినబడితే వినబడిందనే అంటాను. అబద్ధమాడితే నాకేం ఒరుగుతుంది?"

"చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది నా బతుకు!"

ఈ సామెత ఆమె నోట ఊపిరంత మామూలైపోయింది. ఆయన సమాధానమూ అంతే మామూలు. "సరే," అని వీధిలోకి చూస్తూ కూర్చుంటాడు.

ఈ సంగతి కూతురికి చెప్పలేదు. కూతురు ఆసుపత్రిలో నర్సు. ఇంతకాలం సాయంత్రం డ్యూటీ కాబట్టి పిల్లని తనే బడికి దింపేది, తాత వంతు ఎప్పుడైనా ఒకసారి వచ్చేది. సోమవారం నుంచి ఆమెకి పొద్దుటి డ్యూటీ. ఇక రోజూ దింపడం, తేవడం తాతదే. ఆ లోపల ఒక్క విషయం తేలాలి. అబద్ధం బండిదా, మనిషిదా? బండిదైతే బాగుచేయించవచ్చు. మనిషిదైతే? అక్కడికొచ్చేసరికి టైలరమ్మ సూది గుడ్డలోనే ఆగిపోయేది.

శనివారం మధ్యాహ్నం ఇద్దరూ సర్వీసు సెంటరులో కూర్చున్నారు.

అది అద్దాల గది. మూల కాఫీ మిషను, ఎవరు మీట నొక్కినా ఒకసారి దగ్గి ఊరుకుంటోంది. గోడ మీది టీవీలో వీళ్ళ బండి ప్రకటనే తిరిగి తిరిగి వస్తోంది. కొండదారిలో అమ్మా, నాన్నా, ఇద్దరు పిల్లలూ, ఒక కుక్కా నవ్వుతూ పోతుంటారు. ఆ నవ్వు చూసినకొద్దీ టైలరమ్మకి ఒళ్ళు మండింది. కొత్త బండిలో అలా నవ్వుకుంటూ ప్రయాణం చేసినవాళ్ళని ఆమె ఇంతవరకూ చూడలేదు.

ప్రెస్సాయన బల్ల మీద బండి కంపెనీవాళ్ళు పెట్టిన రంగుల పుస్తకం మళ్ళీ తీశాడు. ఇంట్లో అలాంటివి మూడున్నాయి. పేజీని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రాసి చూసుకున్నాడు.

"కాగితం చూశావా? నూట డెబ్బై జీఎస్ఎం, మంచి దళసరి. రంగు ఎక్కడా పక్కకి జరగలేదు. ఇంత శ్రద్ధగా అచ్చువేసినవాళ్ళు బండి అశ్రద్ధగా చేస్తారా?"

"అయితే కాగితం మీదే ఎక్కి తిరగండి."

"సరే," అన్నాడాయన.

ఆమె పళ్ళు కొరుక్కుని కళ్ళు మూసుకుంది. తగువు మరీ ముదిరినప్పుడు ఆమె అలా ఒక్క క్షణం దేవుణ్ణి తలుచుకుంటుంది. ఇవాళ ఏం అడగాలో కూడా తోచలేదు. బండి చెడిపోయి ఉండాలని దేవుణ్ణి కోరుకోవడం తప్పేమో. మనిషి అబద్ధాలకోరు కాకూడదని కోరుకుంటే అదీ ఇదీ ఒకటే కదా?

మేనేజరమ్మ వచ్చింది. నడివయసు మనిషి, లావు గొంతు, కళ్ళజోడుకి గొలుసు, చేతిలో ట్యాబ్. ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"మీరిద్దరూ ఒకే ఇంటివాళ్ళేనా అండీ?"

"ఖర్మ, అవునమ్మా," అంది టైలరమ్మ.

"ఎందుకడిగానంటే, మొన్న సార్ ఫోన్ చేసి బండి అసలు పలకట్లేదన్నారు. మర్నాడు మీరు ఫోన్ చేసి బండి నోరు ముయ్యట్లేదన్నారు. నంబరు చూస్తే ఒకటే బండి. రెండు ఫిర్యాదులూ ఎలా తీర్చాలో మాకు తెలియలేదు. మాట్లాడించమంటారా, నోరు మూయించమంటారా?"

టైలరమ్మ చెప్పేది అబద్ధం కాదు. ఆ బండి నోరు ఆమె ప్రాణానికొచ్చి కూర్చుంది. దానికి కారణం బండి ఇంటికొచ్చిన రోజున జరిగిన పొరపాటు.

ఈ కొత్త మోడల్ బండి తెలుగులో మాట్లాడుతుంది. పిలిస్తే పలుకుతుంది. ఏ మాటతో పిలవాలో సొంతదారే నేర్పుకోవచ్చు. షోరూంలో మీట నొక్కి, "ఇప్పుడు చెప్పండి సార్, ఏమని పిలుస్తారు?" అని అడిగారు. ఆయన ఆలోచనలో పడ్డాడు. వెనకనుంచి టైలరమ్మ, "ఏమండీ, ఎండగా ఉంది" అంది. ఆయన తిరగలేదు. "ఏమండీ, మిమ్మల్నే" అంది. అప్పుడూ తిరగలేదు. "ఏమండీ!" అని గట్టిగా అరిచింది. ఒకే మాట మూడుసార్లు విన్న బండి ఎంతో సంతోషించి, "ధన్యవాదాలు. నా పేరు నేర్చుకున్నాను" అంది.

అప్పటినుంచీ దాని పేరు ఏమండీ. మళ్ళీ సర్వీసుకి తెచ్చేదాకా మార్చడం కుదరదన్నారు. టైలరమ్మ బండెక్కి "ఏమండీ, మెల్లగా" అంటే చాలు, మొగుడు ఉలకడు గానీ బండి సన్నని ఆడగొంతుతో "చెప్పండి, వింటున్నాను" అంటుంది. "నిన్ను కాదే తల్లీ" అంటే "అర్థం కాలేదు, మళ్ళీ చెప్పండి" అంటుంది. ఫోన్ మాట్లాడుతున్నా మధ్యలో దూరుతుంది. ఒకరోజు, "ఏమండీ, ఆ కిటికీ వేయండి" అనగానే అద్దాలన్నీ వాటంతటవే పైకి లేచాయి. పెళ్ళయినప్పటినుంచీ ఆమె వేయమన్న కిటికీ మొదటి మాటకే మూతపడటం అదే మొదలు.

చెప్పండి, వింటున్నాను! మెడలో తాళి కట్టిన మనిషి ఏనాడూ అనని మాట ఒక ఇనపడబ్బా పూటకి పదిసార్లు అంటుంటే ఏ ఇల్లాలికి కడుపు రగలదు?

"రండి, బండి దగ్గరే తేల్చుకుందాం," అంది మేనేజరమ్మ.

వెనక పెరట్లో బండి నిలిపి ఉంది. రంగుల పుస్తకం ఒళ్ళో పెట్టుకుని ప్రెస్సాయన స్టీరింగు ముందు, పక్క సీట్లో టైలరమ్మ, వెనక మేనేజరమ్మ కూర్చున్నారు.

"స్టార్ట్ చెయ్యండి సార్."

ఆయన గుండ్రటి మీట నొక్కాడు. దీపాలు వెలిగాయి. ఆయన తల కొంచెం వంచి, కాసేపాగి, మళ్ళీ నొక్కాడు. దీపాలు ఆరిపోయాయి.

"చూశారా? అందుకోదు. రోజూ ఇదే తంతు."

"అందుకుందండీ. మీరే ఆర్పేశారు."

"ఇంజను చప్పుడేదీ?"

మేనేజరమ్మ ఓపిగ్గా చెప్పింది. పాత మోడల్‌లో నాలుగు సిలిండర్ల ఇంజను ఉండేది, మొదలెట్టగానే ఒళ్ళంతా ఊపేసేది. ఇందులో మూడు సిలిండర్లే, కానీ టర్బో ఉంది కాబట్టి బలం తగ్గలేదు. దానికి తోడు బ్యాటరీతో నడిచే మోటారు ఉంది. బయల్దేరేటప్పుడు, మెల్లగా పోయేటప్పుడు ఆ మోటారే లాగుతుంది. ఇంజను తర్వాత నిద్ర లేస్తుంది. సిగ్నల్ దగ్గర ఆగితే అదే ఆగుతుంది, బ్రేకు మీంచి కాలు తీస్తే అదే బయల్దేరుతుంది.

"ఈయన సిగ్నల్ దగ్గర బండి చచ్చిపోయిందని దిగి బానెట్ ఎత్తారమ్మా," అంది టైలరమ్మ. "వెనకాల వాళ్ళందరూ హారన్లు. నేను సీటు కిందికి దూరిపోదామనుకున్నాను."

"పాత బండి బతికుంటే తెలిసేది, చస్తే తెలిసేది," అన్నాడాయన. "దీని సంగతి దేవుడికే తెలియాలి."

మేనేజరమ్మ దిగి బండి వెనక ఒక ప్లాస్టిక్ డబ్బా నిలబెట్టి వచ్చింది. "రివర్స్ రండి సార్. వెనక ఏదైనా అడ్డముంటే బండి చెబుతుంది. కానీ తెర చూడకండి."

ఆమె అడక్కముందే టైలరమ్మ తన చేతిగుడ్డ తీసి తెర మీద కప్పేసింది. బండి మెల్లగా వెనక్కి కదిలింది.

కీచ్. కీచ్.

"ఇప్పుడు సార్?"

"ఇప్పుడేముంది?"

కీచ్ కీచ్ కీచ్.

"ఏమండీ, మోగుతోందిగా!"

"చెప్పండి, వింటున్నాను," అంది బండి.

"నిన్ను కాదు!"

కీచుమనే చప్పుడు విడివిడిగా వచ్చేదల్లా ఒకటైపోయి, సూదితో చెవిలో పొడుస్తున్నట్టు సాగింది. టైలరమ్మ రెండు చేతులతో సీటు పట్టుకుంది. ఆయన మొహంలో మాత్రం ఏ కదలికా లేదు. ఎంతో శ్రద్ధగా, నున్నగా, ప్రశాంతంగా వెనక్కి వెళుతున్నాడు. అంతలో టక్కుమని బ్రేకు దానంతటదే పడింది. ముగ్గురూ ఊగిపోయారు.

"ఇదిగో మళ్ళీ!" ఆయన మండిపడ్డాడు. "నా కాలుండగా దాని కాలెందుకమ్మా? ఒక్క మాట చెప్పదు, పెట్టదు, ఠక్కున ఆగిపోతుంది. మొన్న సైకిలువాడు అడ్డమొచ్చినప్పుడూ ఇంతే. మర్యాదస్తుల బండి ముందు ఒక హెచ్చరిక చేయదూ?"

మేనేజరమ్మ ముందుకి వంగి, తెర మీది గుడ్డ తీసి, ఏవో రెండు మూడు బొమ్మలు నొక్కింది. "ఒకసారి ముందుకెళ్ళి మళ్ళీ రండి సార్. ఒక చిన్న మార్పు చేశాను."

మళ్ళీ గుడ్డ కప్పారు. మళ్ళీ బండి వెనక్కి కదిలింది.

డుబ్. డుబ్. డుబ్.

ప్రెస్సాయన మొహం దీపం పెట్టినట్టు వెలిగింది.

"అదీ! పలికింది!" స్టీరింగు మీద అరచేత్తో కొట్టాడు. "చూశావటే? నోరు లేదు, నోరు లేదు అని మొత్తుకున్నానా, లేదా? నేను అబద్ధాలకోరుని, మతిలేనివాణ్ణి అన్నావు. ఇప్పుడేమంటావ్? భలే బాగుచేశారమ్మా! ఎంతసేపు పట్టింది? ఇంతోటిదానికి వారంరోజులు నా ప్రాణం తీసింది ఈవిడ."

టైలరమ్మ జవాబు చెప్పడానికి నోరు తెరిచింది. పైన అద్దంలో మేనేజరమ్మ కళ్ళు కనిపించాయి. ఆ కళ్ళలో విజయం లేదు, ఎగతాళి లేదు.

"ఏం బాగుచేశావమ్మా?" అని అడిగింది టైలరమ్మ.

"ఏమీ లేదండీ. సన్నటి చప్పుడు తీసేసి లావు చప్పుడు పెట్టాను. అంతే." ఆమె తలుపు తెరిచింది. "ఆ డబ్బా లోపల పెట్టి వస్తాను. మీరు కూర్చోండి, తొందరేమీ లేదు."

బండిలో ఇద్దరే మిగిలారు. ప్రెస్సాయన ఇంకా నవ్వుకుంటూ స్టీరింగు నిమురుతున్నాడు.

టైలరమ్మకి సూది గుర్తొచ్చింది. క్రిందటేడు మిషను సూదులు అయిపోతే కొని తెమ్మంది. చాలాసేపటికి ఉత్తి చేతులతో వచ్చాడు. "సూది దొరికిందా?" అంటే, "వీధి బాగానే ఉంది, గుంతలు పూడ్చారు" అన్నాడు. మతిలేని మనిషని ఆరోజు అన్నం కూడా విసిరినట్టు పెట్టింది. సూదీ వీధీ! ప్రార్థన మందిరంలో ఎప్పుడూ వెనక వరసలో కూర్చుని గొంతెత్తి పాడే మనిషి ముందు వరసకి మారాడు. తర్వాత పాడటం మానేశాడు. భక్తి తగ్గిందనుకుంది. ఇంట్లో మాత్రం కుర్చీ ఎప్పుడూ ఆమె ఎదురుగానే వేసుకుంటాడు. కాపలా కాస్తున్నాడని విసుక్కునేది.

ఇంకా నమ్మబుద్ధి కాలేదు. ఆమె మొహం కిటికీ వైపు తిప్పుకుంది. ఎప్పుడూ పిలిచే గొంతుతోనే పిలిచింది.

"ఏమండీ."

"చెప్పండి, వింటున్నాను," అంది బండి.

ఆయన తన పాటికి తెర మీది చేతిగుడ్డ తీసి స్టీరింగు మీది దుమ్ము తుడుచుకుంటున్నాడు.

కళ్ళకి రెప్పలిచ్చిన దేవుడు చెవులకి మూతలెందుకు ఇవ్వలేదా అని ఆమె చిన్నప్పుడు అనుకునేది. ఈయన చెవులకి మూత పెట్టింది మరి ఎవరు? దేవుడా, లేక పగలూ రాత్రీ ఆ అచ్చాఫీసులో దడదడలాడిన మిషన్లా?

ఆమె ఆయన వైపు పూర్తిగా తిరిగింది. గడ్డం కింద వేలు పెట్టి మొహం తనవైపు తిప్పుకుంది.

"ఎన్నాళ్ళయింది?"

"ఏది?"

"వినబడక."

"ఏమంటున్నావ్? బండి బాగైందిగా. పద, పోదాం."

"బండికేం రోగం లేదు. ఆవిడ దాని గొంతు లావు చేసింది. అంతకుముందు సన్నగొంతుతో చెవులు పగిలేలా మోగింది. నేను విన్నాను, ఆవిడ విన్నది. ఇప్పుడు నేను మిమ్మల్ని పిలిచాను. బండి పలికింది."

ఆయన చేతిలోని గుడ్డని నాలుగు మడతలు పెట్టాడు. విప్పి మళ్ళీ మడతపెట్టాడు.

"లావు గొంతులు వినబడతాయి," అన్నాడు చివరికి. "సన్నవే... అచ్చులో సిరా అందకపోతే ఎలా ఉంటుంది? వరస కనబడుతుంది, మధ్యమధ్య అక్షరాలుండవు. నేనే పూరించుకుంటాను."

"పూరించుకుని?"

"సరే అంటాను. సరే అంటే ఎవరికీ కోపం రాదు."

"నాకొస్తుంది! ఆ సరే వినీ వినీ నాకు రక్తం మరిగిపోయింది! ఇన్నాళ్ళూ నేనెవరితో కాపురం చేశానండీ, గోడతోనా? కట్టుకున్నదానికి ఒక్క మాట చెప్పకూడదా?"

"చెబితే నువ్వు గట్టిగా మాట్లాడటం మొదలెడతావు. పాపం, మెల్లగా మాట్లాడే మనిషివి."

"నేనా? నేను మెల్లగా మాట్లాడతానా? వీధి వీధంతా నన్ను గయ్యాళంటోంది! కొత్తగా వచ్చిన కుట్టుపిల్ల నాకు భయపడి పని మానేసింది!"

"అలాగా?" ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు. "నాకు మెల్లగానే వినబడుతుంది మరి."

ఆమెకి నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, ఆ రెంటికంటే ముందు కోపమొచ్చింది. తిట్టడానికి మాట కోసం వెతుక్కుంటే అలవాటుగా నాలుక చివరికి వచ్చింది ఆ పాత సామెతే. మింగేసింది.

ఆయన ఆమె పెదాలే చూస్తున్నాడు. "శంఖం సంగతేనా?" అన్నాడు. "అది మాత్రం ఎప్పుడూ వినబడేదిలే. తగిలే మాటలు ఎలాగో వినబడతాయి."

ఆమె చెంగుతో మొహం తుడుచుకుని మళ్ళీ ఆయనకెదురుగా తిరిగింది.

"మరి ఈ బండెందుకు కొన్నట్టు?" అందామె. "పాతది బంగారంలా నడుస్తుంటే?"

"అందుకే." ఆయన ఒళ్ళోని రంగుల పుస్తకం తెరిచి ఒక పేజీ మీద చెయ్యి వేశాడు. "ఇదిగో, ఎయిర్‌బ్యాగులు ఆరు. నాలుగు వైపులా కెమెరాలు. పక్కనుంచి ఎవరొచ్చినా, వెనక ఏముందో, లోపల ఎవరున్నారో అంతా అదే చూసుకుంటుందని రాశారు. నాకు తగ్గింది దీనికుందిలే అనుకున్నాను. గీత దాటితే స్టీరింగు వణుకుతుంది, అది నాకు తెలుస్తుంది. మిగతావన్నీ చూస్తుందన్నారు గానీ, చూసి చెవిలో చెబుతుందని ఎవరూ చెప్పలేదు."

టైలరమ్మకి ఇక తిట్టాలనిపించలేదు. కానీ అడగక తప్పని ప్రశ్న ఒకటి మిగిలిపోయింది. అది అడగడానికి ఆమె గొంతు తగ్గించింది. వెంటనే గుర్తొచ్చి, మొహం ఆయనకి బాగా కనబడేలా పెట్టింది.

"సోమవారం బుడ్డిదాన్ని మీరెలా తీసుకెళతారు?"

"ఇప్పుడు లావు గొంతు పెట్టిందిగా ఆవిడ."

"బండికి పెట్టింది. పిల్లకి ఎవరు పెడతారు? వెనక సీట్లోంచి అది 'తాతా' అంటే వినబడుతుందా?"

ఆయన చూపు అద్దం వైపు పోయింది. అందులో వెనక సీటూ, దాని వెనక మూడో వరస సీటూ కనబడుతున్నాయి. ఆ చివరి సీటంటే బుడ్డిదానికి ప్రాణం. దాన్ని వెనకిల్లు అంటుంది. ఎంత ముందు కూర్చోబెట్టినా, బెల్టు విప్పించుకుని అక్కడికే పోతానని మారాం చేస్తుంది.

"అద్దంలో చూస్తాను," అన్నాడు. అని, తన మాట తనకే నచ్చనట్టు తల దించుకున్నాడు. "మొన్న కూడా పిలిచిందేమో కదూ?" అన్నాడు.

ఏం చెప్పాలి? పిలిచే ఉంటుంది. పిల్ల గొంతు సన్నది. టైలరమ్మ ఆయన చెయ్యి మీద చెయ్యి వేసింది. అలా వేసి చాలా కాలమైందని ఇద్దరికీ తెలిసింది.

అప్పుడే తెర వెలిగింది. దాని మీద కూతురి ఫోటో. ఆయన అలవాటుకొద్దీ పచ్చ బొమ్మ నొక్కేశాడు. నర్సమ్మ గొంతు బండి నాలుగు మూలల్నుంచీ గలగలమంటూ వచ్చింది. వెనకాల ఆసుపత్రి గంటలు, తోపుడు బళ్ళ చప్పుడు.

"నాన్నా, ఒక్క నిమిషమే, రౌండ్స్‌కి వెళ్ళాలి. మొన్న ఫోన్లో నువ్వు సరే అన్నావుగా, మా వార్డులో నర్సులిద్దరికీ చెప్పేశాను. సోమవారం నుంచి వాళ్ళ పిల్లలు ముగ్గురూ బుడ్డిదాంతోపాటే నీ బండిలో. వెనక వరస సీట్లు తెరిచి ఉంచు. వాళ్ళు స్కూలు వ్యాను కూడా మాన్పించేశారు నాన్నా, మీ నాన్నగారుంటే మాకు బెంగలేదన్నారు. అందులో ఒకడికి ఉబ్బసం ఉందట. ఆయాసమొస్తే తనే పిలిచి చెబుతాడు, బండి ఆపితే చాలంది వాళ్ళమ్మ. అమ్మకి అన్నీ చెప్పానన్నావుగా? సరేనా?"

ఆయన ఆమెకేమీ చెప్పలేదు. ఎలా చెబుతాడు? ఏది విన్నాడని చెబుతాడు? ఒక్క సరే మీద నలుగురు పిల్లలు ఆ బండెక్కడానికి సిద్ధమైపోయారు.

"నాన్నా? సరేనా?"

ఆయన పెదాలు అలవాటు పడ్డ ఆ మాట కోసం కదిలాయి. ఆయన టైలరమ్మ మొహం చూశాడు. ఆ మొహంలో ఏం చదువుకున్నాడో, పెదాలు మధ్యలోనే ఆగాయి. ఆమె వైపు కొద్దిగా వంగి, మామూలు గొంతుతోనే అడిగాడు.

"ఏమంటోంది?"

ఆ మాట బండి ఆసాంతం విని, ఆసుపత్రి దాకా మోసుకుపోయింది. అవతల గలగల ఆగిపోయింది.

"అదేమిటి నాన్నా?" కూతురి గొంతు మారిపోయింది. అది ఇంటి పిల్ల గొంతు కాదు, వార్డులో రోగి మంచం పక్కన నిలబడ్డ నర్సు గొంతు. "ఎవరినడుగుతున్నావ్? నేనిప్పుడు చెప్పింది నీకు వినబడలేదా? మరి మొన్న చెప్పింది? అమ్మా... నువ్వక్కడే ఉన్నావా? అమ్మా, ఏం జరుగుతోంది మీ ఇద్దరి మధ్య?"

చెబితే, క్రిందటి వారం చెట్టు నీడన జరిగింది కూడా చెప్పాలి. చెప్పకపోతే సోమవారం వస్తుంది. ఆయన ఆమె పెదాల మీదినుంచి చూపు తీయడం లేదు. వద్దనీ అనడం లేదు, సరేననీ అనడం లేదు.

ఏం చెయ్యాలో తోచక ఆమె, కష్టమొచ్చినప్పుడల్లా పిలిచే పిలుపే పిలిచింది.

"ఏమండీ..."

ఫోన్ మధ్యలో దూరి, ఎంతో మర్యాదగా బండి అంది:

"చెప్పండి, వింటున్నాను."